వాసన లేని ఉల్లిపాయ

డిసెంబరు నెల వచ్చిందంటే చాలు, ఇక్కడి దుకాణాల్లో గుమ్మం పక్కనే అట్టపెట్టెలు గుట్టగా పేర్చి కనిపిస్తాయి. పెట్టె మీద పెద్ద ఎర్రపూవు బొమ్మ. లోపల ఒక ప్లాస్టిక్ కుండీ, బిళ్లలా ఎండగట్టిన కాస్త మట్టి, పిడికిలంత దుంప. మీలో చాలామంది ఇళ్లకి ఈ పెట్టె ఎప్పుడో ఒకప్పుడు వచ్చే వుంటుంది. ఆఫీసులో ఎవరో ఇస్తారు. లేకపోతే పిల్లల టీచరుకి ఇద్దామని రెండు కొంటే ఒకటి ఇంట్లో మిగిలిపోతుంది. దాని పేరు అమరిల్లిస్.

నేను మిషిగన్ వచ్చింది 1981లో. ఆ తరవాత ఓ పదిహేనేళ్లపాటు దాదాపు ఏటా మా ఇంటికి అలాంటి పెట్టె ఒకటి వస్తూనే వుండేది. నీళ్లు పోసేదాన్ని. జనవరిలో, బయట మోకాలి లోతు మంచు వున్న రోజుల్లో, కిటికీ దగ్గర నాలుగు ఎర్రటి పూలు గ్రామఫోను బాకాల్లాగా నాలుగు దిక్కులకీ విచ్చుకునేవి. ఓ పది రోజులు చూసుకుని మురిసిపోయేవాళ్లం. పూలు వాడగానే కుండీతో సహా తీసుకెళ్లి చెత్తడబ్బాలో పడేసేదాన్ని. అందరూ అదే చేస్తారనుకున్నాను. నిజానికి అందరూ చేసేది అదే.

మా నాన్నగారు 1996 మే నెలలో పోయారు. అన్నయ్యావాళ్లూ గుంటూరులో వున్నా, అమ్మ తెనాలి దగ్గర మా పల్లెటూరి ఇంట్లోనే ఒక్కతీ వుంటానని పట్టుబట్టింది. నేను వినలేదు. అక్టోబరులో వెళ్లి వెంటబెట్టుకుని తీసుకొచ్చాను. అప్పటికే నాకు సిటిజన్‌షిప్ వచ్చేసింది గనక అమ్మకి గ్రీన్‌కార్డు కాయితాలు కూడా మొదలుపెట్టాను. ఇక్కడే వుంటుంది, పిల్లలకి అమ్మమ్మ చేతి ముద్ద దొరుకుతుంది, నాకూ దిగులుండదు అనుకున్నాను. అమ్మ ఏమనుకుంటోందో అడిగినట్టు నాకు గుర్తులేదు.

మన అమ్మలు ఇక్కడ చలికాలం ఎలా గడుపుతారో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఏడున్నరకల్లా ఇల్లు ఖాళీ. స్వెట్టరు మీద స్వెట్టరు, కాళ్లకి మా వారి ఊలు మేజోళ్లు, చేతిలో జపమాల. ఉన్న నాలుగు తెలుగు సినిమా కేసెట్లూ అరిగిపోయేదాకా చూసేసింది. బయటికి వెళితే జారిపడుతుందని నాకు భయం, అంచేత గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. సాయంత్రం నేను వచ్చేసరికి ఇంట్లో పనంతా అయిపోయి వుండేది. చెయ్యడానికి ఏమీ మిగలనందుకు ఆవిడ మొహంలో విసుగు కనిపించేది.

అలాంటి రోజుల్లో మా వారి ఆఫీసు నించి ఆ ఏటి పెట్టె వచ్చింది. అమ్మ విప్పి దుంప చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేమిటే, నీరుల్లిపాయల్ని పెట్టెల్లో పెట్టి కానుకలిస్తారా వీళ్లు?" అంది. పెట్టె మీద బొమ్మ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, "ఓసినీ, ఇది మన నూతి దగ్గర లిల్లీ గదుటే!" అంది. ఈ దేశం వచ్చాక ఆ గొంతులో అంత హుషారు వినడం నాకు అదే మొదలు.

మా ఊళ్లో నూతిపళ్లెం పక్కన, వాడిన నీళ్లు పారే బోదె గట్టున ఎర్ర లిల్లీలు వరసగా వుండేవి. మా నాయనమ్మ కాలం నించీ వున్నాయని చెప్పేవారు. పూలకొట్లో లిల్లీ అంటే దండలకి వాడే తెల్ల నేలసంపెంగ గదా, ఇది అది కాదు. ఎండాకాలంలో నాలుగు చినుకులు పడ్డాయో లేదో ఆకుల పక్కనించి బోలు కాడ లేచి, దాని కొసన ఎర్రటి పూలు విచ్చేవి. వాసన వుండదు. జడలో పెట్టుకోడానికి మరీ పెద్దది. అంచేత ఆడపిల్లలం ఎవరం దాన్ని పట్టించుకునేవాళ్లం కాదు. అమ్మ మాత్రం ఒకటి కోసి దేవుడి దగ్గర పెట్టేది. మనూరిది చిన్నపూవు, పెట్టెలో వచ్చేది హాలెండు వాళ్లో దక్షిణాఫ్రికా వాళ్లో తరాల తరబడి సంకరం చేసి పెద్దది చేసిన పూవు. వంశం మాత్రం ఒకటే.

ఆ దుంప అమ్మే నాటింది. అంతకుముందు నేను మొత్తం కనపడకుండా పూడ్చేసేదాన్ని. "పీక దాకా పాతితే కుళ్లిపోదుటే?" అని భుజాల వరకే మట్టి కప్పింది. తరవాత పుస్తకాల్లో చూస్తే అక్షరాలా అదే రాసివుంది. దుంపలో మూడో వంతు నించి సగం దాకా మట్టి పైకి వుండాలట. కుండీ దుంప చుట్టూ అంగుళం, మహా అయితే రెండంగుళాలు వదులుంటే చాలు. పెద్దకుండీ అయితే తడి ఆరదు, వేళ్లు మురుగుతాయి. అడుగున చిల్లు తప్పనిసరి. పెట్టెలో వచ్చే కుండీలకి ఒక్కోసారి చిల్లే వుండదు, ఓ మేకు కాల్చి పొడిచెయ్యండి. మొదట ఒక్కసారి గోరువెచ్చటి నీళ్లు బాగా పోసి, మొలక కనిపించేదాకా చేతులు కట్టుకు కూచోవాలి. పైమట్టి ఆరితేనే మళ్లీ నీళ్లు. రోజూ కాస్త పోద్దామని చెయ్యి దురదపెడుతుంది చూడండి, ఆ దురద ఆపుకోవడమే ఈ పెంపకంలో సగం పని. అమ్మకీ ఆ దురద వుండేది. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పట్టుకుని కుండీ దగ్గరకి వెళ్లి, వేలితో మట్టి నొక్కి చూసి, తడిగా వుంటే ఉసూరుమంటూ వెనక్కి తెచ్చి సింకులో పారబోసేది.

మొలక వచ్చాక కాడ కిటికీ వైపు వంగడం మొదలుపెడుతుంది. అంచేత కుండీని రెండు రోజులకోసారి సగం చుట్టు తిప్పుతూ వుండాలి. అమ్మ రోజూ పూజ అయ్యాక తిప్పేది. "నాకిక్కడ వున్న ఉద్యోగం ఇదొక్కటే" అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం.

1997 ఫిబ్రవరి మొదటి వారంలో పూసింది. ఒకే కాడ, నాలుగు పూలు. పిల్లలు స్కేలు పెట్టి కొలిస్తే ఒక్కోటీ అడ్డంగా ఏడంగుళాలుంది. అమ్మ ఇద్దరన్నయ్యలకీ ఫోను చేయించింది. వెళ్లి వాసన చూసి, "ప్చ్, దీనికీ లేదు" అంది.

పూలు వాడాయి. ఒక శనివారం ఇల్లు సర్దుతూ అలవాటు ప్రకారం కుండీ పట్టుకుని గరాజు వైపు వెళ్తున్నాను. "ఎక్కడికే?" అంది అమ్మ. "పారేద్దామని. అయిపోయిందిగా" అన్నాను.

"పూసింది గదాని పారేస్తారుటే?"

మామూలుగానే అంది. గొంతేమీ మారలేదు. నేను మాత్రం గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ఆవిడే వచ్చి కుండీ నా చేతుల్లోంచి తీసుకుని, కత్తిపీట లేదుగా ఇక్కడ, కూరల చాకుతో వాడిన కాడని మొదలుకి రెండంగుళాల పైన కోసేసి, ఆకుల్ని ముట్టుకోకుండా వదిలేసింది. "దుంప నొక్కి చూడు, ఎంత మెత్తబడిందో. వున్న సత్తువంతా పూవుకి పెట్టేసింది. దీనికి తిండి కావలసింది ఇప్పుడు" అంది.

ఇక్కడ కాస్త ఆగి పేరు సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని మీద నాకూ మా వారికీ చాలా కాలం వాదం నడిచింది. మనం అమరిల్లిస్ అని కొనేది అసలు అమరిల్లిస్ కాదు. అసలుది దక్షిణాఫ్రికా మొక్క. 1753లో లినేయస్ ఆ పేరుతో పుస్తకానికెక్కించాడు. అది ఆకులన్నీ రాలిపోయాక వట్టి కాడతో పూస్తుంది. మన కిటికీల్లో పూసేది దక్షిణ అమెరికా నించి వచ్చిన మొక్క, బ్రెజిల్, పెరూ, బొలీవియా వైపుది. దీనికి 1821లో విలియం హెర్బర్ట్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు హిప్పియాస్ట్రమ్ అని పేరు పెట్టాడు. గ్రీకులో గుర్రపు రౌతూ నక్షత్రమూ కలిపిన మాట. ఏది అమరిల్లిస్ అన్న తగువు ఎన్నో ఏళ్లు సాగి సాగి, 1987లో అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో దక్షిణాఫ్రికా మొక్కదే ఆ పేరు అని తేల్చారు. దుకాణాల వాళ్లు ఆ తీర్పుని ఖాతరు చెయ్యలేదు. నేనూ చెయ్యను. ఇంకో ముచ్చట కూడా చెప్పి వదిలేస్తాను. వీటిలో మొట్టమొదటి సంకరం పుట్టించింది తోటమాలి కాదు. ఇంగ్లండులో లంకషైరు ప్రాంతంలో గడియారాలు బాగుచేసుకునే ఆర్థర్ జాన్సన్ అనే ఆయన 1799లో చేశాడు. ఎర్రరేకుల మధ్య తెల్లచార వుండే ఆ జాన్సన్ పూవు ఈ దేశంలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ల ముందు ఇప్పటికీ పూస్తోంది. దాని సంగతి మళ్లీ వస్తుంది.

మా ఊరి వైపు మే నెల మధ్య దాకా మంచు కురిసే భయం వుంటుంది గనక, మెమోరియల్ డే వెళ్లాకే ఇలాంటి మొక్కలు బయట పెడతాం. ఆ రోజు అమ్మ కుండీ తీసుకెళ్లి డెక్కు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టింది. "మెల్లిగా అలవాటు చెయ్యాలేమోనమ్మా" అన్నాను. "ఇక్కడి ఎండకి వేడెక్కడేడిసింది, ఏంచేస్తుందిలే" అంది గుంటూరు జిల్లా ఎండలు చూసిన మనిషి. సాయంత్రానికి ఆకుల మీద బూడిద రాసినట్టు తెల్లటి మచ్చలు. అద్దం వెనక పెరిగిన ఆకు ఒక్కసారిగా నేరుటెండ తట్టుకోలేదు. వారం పది రోజులు నీడలో వుంచి, తరవాత పొద్దుటెండకి జరిపి, అప్పుడు పూర్తి ఎండకి తేవాలి. అమ్మ ఆ మచ్చల్ని చూసి చాలా నొచ్చుకుంది. రెండు రోజులు ఆ వైపే వెళ్లలేదు.

నేను చేసిన తప్పు అంతకన్నా పెద్దది. ఆకులు మాడాయి గదా అని కుండీని గరాజుకి ఉత్తరం వైపు నీడలో పెట్టి, వేసవంతా దాని సంగతి మరచిపోయాను. వాన పడితే తడిసేది, లేకపోతే లేదు. ఎరువు ఒక్క చెంచా వెయ్యలేదు. ఉడతలు రెండుసార్లు మట్టి తవ్విపోశాయి. రెండే రెండు ఆకులతో అలా పడివుంది. అక్టోబరులో తొలి మంచు వార్త విని లోపలికి తెచ్చి, ఆకులు ఎండిపోయాక దుంప దులిపి ఒక కాయితం సంచీలో పెట్టి బేస్‌మెంట్లో అల్మైరా మీద పెట్టాను. ఆ పక్కనే పది పౌన్ల ఉల్లిపాయల బస్తా వుంది. ఇక ఏం జరిగివుంటుందో మీరు ఊహించే వుంటారు.

ఆ ఏడు దీపావళికి నాలుగు కుటుంబాల్ని భోజనానికి పిలిచాం. పకోడీలకి ఉల్లిపాయలు తెమ్మంటే మా వారు బస్తాలోవీ సంచీలోదీ అన్నీ కలిపి పళ్లెంలో వేసుకొచ్చి తరగడం మొదలుపెట్టారు. అమ్మ పొయ్యి దగ్గర శనగపిండి కలుపుతోంది. వెనక్కి తిరిగి చూసి, "బాబూ, ఒక్క క్షణం ఆగండి. అంత పెద్ద ఉల్లిపాయ కోస్తూంటే మీకు కళ్లు మండటం లేదేం?" అంది. ఆయన చెయ్యి ఆగింది. అమ్మ వచ్చి దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "వాసన లేని ఉల్లిపాయేమిటి? ఇది మన లిల్లీ!" అప్పటికే పైన పీక ఓ అంగుళం తెగిపోయింది.

ఇప్పుడు నవ్వుకుంటాం గాని ఇది నవ్వే సంగతి కాదు. ఈ దుంపలో లైకోరిన్ అనే విషం వుంటుంది. తింటే వాంతులు, కడుపునొప్పి. కుక్కలకీ పిల్లులకీ కూడా ప్రమాదమే. ఆకులో కంటే పూవులో కంటే దుంపలోనే ఎక్కువ. ఇంట్లో పాకే పిల్లలున్నవాళ్లు అందని ఎత్తులో పెట్టండి. పెద్దవాళ్లు ఇండియా నించి వచ్చివుంటే, ఇది ఏమిటో వాళ్లకి మొదటి రోజే చెప్పండి. ఆ రాత్రి అందరూ వెళ్లాక అమ్మ పిల్లల దగ్గర మార్కరు తీసుకుని కాయితం సంచీ మీద పెద్దక్షరాలతో "లిల్లీ. తినరాదు" అని రాసింది. మా వారు చదివి, "అత్తయ్యగారూ, ఇది నా కోసమేనా?" అన్నారు.

ఇక నేను ఆ తరవాత ఎప్పుడూ దుంపని కుండీలోంచి తీసి సంచీలో పెట్టలేదు. కుండీలోనే ఎండనిస్తాను. వేళ్లు దెబ్బతినవు, పకోడీల్లోకీ రాదు.

డిసెంబరులో మళ్లీ నాటాం. 1998 జనవరి అంతా ఎదురుచూశాం. ఆకు వచ్చింది. ఇంకో ఆకు వచ్చింది. మూడోది వచ్చింది. కాడ మాత్రం రాలేదు. ఫిబ్రవరి వెళ్తూండగా అమ్మ, "దీనికి ఇక్కడ పడలేదే" అంది.

ఒక ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ, "అమ్మాయ్, ఉగాది వెళ్లగానే నన్ను పంపించెయ్యి" అంది. గ్రీన్‌కార్డు గురించి చెప్పాను, ఇక్కడ లేకుండా అక్కడే వుండిపోతే అది నిలవదన్నాను. "అది నాకెందుకే" అంది. నీకిక్కడ ఏం తక్కువైందన్నాను. "తక్కువేం లేదు. ఇంటికి తాళం వేసి వచ్చాను" అంది. అప్పుడు నేననకూడని మాట అన్నాను. "నాన్నగారు లేని ఇంట్లో ఇంకేముందమ్మా అక్కడ?"

అమ్మ జవాబు చెప్పలేదు. కప్పు కడిగి బోర్లించి, కిటికీ దగ్గరకి వెళ్లి కుండీని సగం చుట్టు తిప్పింది. తిప్పడానికి అందులో కాడ కూడా లేదు.

బహుధాన్య ఉగాది పచ్చడి మాతో తిని ఏప్రిల్లో వెళ్లిపోయింది. విమానం దగ్గర చెప్పిన చివరి మాటల్లో ఒకటి, "ఈసారి దాన్ని ఎండలో పెట్టు" అని.

ఆ మే నెలలో కుండీని కారులో పెట్టుకుని కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి తీసుకెళ్లాను. మీకు తెలియకపోతే చెబుతున్నాను, రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ల తరఫున చాలా కౌంటీల్లో ఇలాంటి ఆఫీసు ఒకటి వుంటుంది. తోటపని తెలిసిన స్వచ్ఛంద సేవకులు కూర్చుని మన మొక్కల రోగాలు విని సలహా చెబుతారు. అక్కడున్న పెద్దాయన నా కథంతా విన్నాడు. మా వారి చాకు సంగతి విని నవ్వి, దాని వల్ల పూవు పోలేదన్నాడు. ఎవరో తెచ్చిపడేసిన కుళ్లిన దుంప ఒకటి తీసుకుని నిలువునా రెండు చెక్కలు చేసి చూపించాడు. ఉల్లిపాయ పొరల్లాంటి పొరల మధ్య, అడుగున, గోధుమగింజంత మొగ్గ. అంత లోపల వుంటుందది. ఈ శీతాకాలం పూసే పూవు అంతకుముందే లోపల తయారై కూచుంటుంది. ఇంచుమించు నాలుగు ఆకులకి ఒక మొగ్గ లెక్క. ఆకులు లేకపోతే తిండి లేదు, తిండి లేకపోతే ఉన్న మొగ్గ కూడా లోపలే మాడిపోతుంది. ఆయన చెప్పింది సారాంశం ఇది: పూలు వాడిన రోజు నించి ఆగస్టు దాకా ఎంత ఎండ చూపించగలిగితే అంత, రెండు వారాలకోసారి నీళ్లలో కలిపిన ఎరువు. దుంప మళ్లీ గట్టిపడి బరువెక్కాలి.

అమ్మ కూరల చాకు పట్టుకుని చెప్పిందీ అదే గదా. నేను అప్పుడు విని ఊరుకున్నాను, అంతే.

ఆ వేసవి నేను ఆ మొక్కకి చేసిన సేవ మా పిల్లలకి కూడా చెయ్యలేదని మా వారి అభిప్రాయం. పది రోజులు నీడ, పది రోజులు పొద్దుటెండ, తరవాత డెక్కు మీద దక్షిణం మూల. ఉడతలు రాకుండా కుండీ మీద కోళ్లగూటి తీగవల. ఆరు ఆకులు వచ్చాయి, రెండడుగుల పొడుగు. సెప్టెంబరులో నీళ్లు మానేసి, మంచుకి ముందే లోపలికి తెచ్చి, బేస్‌మెంట్లో చల్లగా, అంటే ఓ యాభై అయిదు డిగ్రీల్లో, చీకట్లో పది వారాలు పడుకోబెట్టాను. డిసెంబరులో పైకి తెచ్చి నీళ్లు పోశాను.

1999 జనవరిలో రెండు కాడలు వచ్చాయి. ఎనిమిది పూలు. ఫోను కార్డు గీకి మా ఊరికి ఫోను చేశాను. అప్పట్లో లైను దొరకడమే గగనం. ఎనిమిది పూలమ్మా అని అరిచాను. అటునించి ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తరవాత, "ఆకులెన్ని వున్నాయే?" అంది.

ఇన్నేళ్ల తరవాత ఆ నిద్ర విషయంలో నా అభిప్రాయం కాస్త మారింది. బలవంతంగా పడుకోబెట్టకపోతే అసలు పూయదని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఇది ఉష్ణదేశపు మొక్క, ఆకులతోనే ఏడాదంతా బతకగలదు. మనకి డిసెంబరులోనో జనవరిలోనో పూలు కావాలి గనక మనం దాని లెక్క మారుస్తున్నాం. ఊరికే చల్లటి గదిలో కిటికీ దగ్గర పెట్టి నీళ్లు తగ్గిస్తే, బలం వున్న దుంప తనంతట తాను మార్చి ఏప్రిల్ ప్రాంతాల పూస్తుంది. పడుకోబెట్టినదాన్నయినా జనవరి చివర దాకా లేపకుండా వుంచి, అప్పుడు వెచ్చటి గదికి తెచ్చి నీళ్లు పోస్తే సుమారు ఆరు నించి ఎనిమిది వారాలు. లెక్క కట్టుకోండి, సరిగ్గా ఉగాది. నేను ఇప్పుడు రెండు కుండీల్ని జనవరి పూలకీ, మిగతావాటిని ఉగాదికీ అట్టేపెడతాను. దేవుడి దగ్గర వేపపూతకి బదులు లిల్లీ పెడుతున్నావా అని మా వారు ఏడిపిస్తారు. ఇక్కడ వేపపూత ఎండబెట్టి పొట్లంలో వచ్చేదే గదా, పచ్చడికి అది, పూజకి ఇది.

ఈ మధ్య మైనం పూసిన దుంపలు కొత్తగా అమ్ముతున్నారు. మట్టీ వద్దు, నీళ్లూ వద్దు, బల్ల మీద పెడితే చాలు, పూస్తుంది. తనలో వున్నదంతా ఖర్చుపెట్టి పూస్తుంది. చాలావాటికి అడుగుభాగం కోసేసి వుంటారు గనక వేళ్లు రావు, ఆ తరవాత బతకడం కష్టం. నాకు అవి చూస్తే ఒళ్లు మండుతుంది. కొనుక్కునేవాళ్లని తప్పుపట్టను, కాని మా ఇంటికి తేకండి.

రోగాల గురించి ఎక్కువ చెప్పను. ఆకు మీదా కాడ మీదా ఎర్రటి గాట్లలాంటి మచ్చలు వస్తే అది బూజు తెగులు. ముదిరితే కాడ వంకర తిరిగిపోతుంది. ఆకుల మీద నీళ్లు పడకుండా మట్టిలోనే పొయ్యడం, మచ్చపడిన ఆకు కోసెయ్యడం, ఆ చాకుని స్పిరిటుతో తుడిచాకే ఇంకో మొక్క ముట్టుకోవడం. పొరల సందుల్లో తెల్ల దూదిలాంటి పిండిపురుగు వుంటే అదే స్పిరిటులో దూది ముంచి తుడవాలి. అంతే.

రెండు మూడేళ్లకి తల్లిదుంప పక్కనే పిల్లలు పుడతాయి. తొందరపడి విడదీయకండి. తల్లిలో మూడో వంతు అయ్యి, సొంత వేళ్లు వచ్చాక, కుండీ మార్చేటప్పుడు చేత్తో మెల్లిగా విడదీస్తే వచ్చేస్తాయి. వాటికి రెండు మూడేళ్లపాటు పూల ఆశ పెట్టుకోకుండా తిండి పెట్టాలి. గింజ నించి కూడా పెంచవచ్చు, నల్లటి కాయితం ముక్కల్లా వుంటాయి గింజలు, కాని పూసేసరికి నాలుగైదేళ్లు. నాకు అంత ఓపిక లేదు, మా వారికి వుంది. ఆయన పెంచిన గింజమొక్క ఒకటి అయిదో ఏట పూసింది. పెట్టెలోదానికి ఏమాత్రం సాటి రాదు, చిన్న పూవు, ఎరుపు కూడా కాదు, ఇటుకరంగు. ఆయన మాత్రం ఫొటోలు తీసి అందరికీ పంపించారు.

మా అమ్మాయి 2014లో హ్యూస్టన్లో ఇల్లు కొనుక్కుంది. నాలుగు పిల్లదుంపలు తీసుకెళ్లి నేలలోనే నాటి వచ్చాను. అక్కడ కుండీ అక్కర్లేదు, బేస్‌మెంటు అక్కర్లేదు. పొద్దుటెండ, మధ్యాహ్నం చెట్టు నీడ, నీళ్లు నిలవని గట్టు. మూడో వసంతం నించి వాటంతట అవే పూస్తున్నాయి. వాళ్ల వీధిలో ఒక పాత ఇంటి ముందు గడియారాల జాన్సన్ గారి ఎర్రచారల పూవు గుంపుగా వుంది. చూపించి కథ చెబితే మనవరాలు నమ్మలేదు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు ముంచేసిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. వాళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో అందరూ ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని కూచున్నారు. నేను ఇక్కడ మిషిగన్లో వెచ్చగా కూచుని ఏమీ చెయ్యలేక ఫోను పట్టుకుని తిరుగుతున్నాను. అంతా సర్దుకున్నాక మా అమ్మాయి తోటలోకి వెళ్లి ఫోనులో చూపించింది. లిల్లీ ఆకులన్నీ ఉడికిన తోటకూరలా నేలకి కరుచుకుపోయి వున్నాయి. "పోయాయమ్మా, తవ్వేసి వేరేవి వేసుకుంటాను" అంది. తవ్వకు, మార్చి దాకా ఆగు అన్నాను. దుంప నొక్కి చూడమన్నాను. గట్టిగానే వుందంది. మార్చి చివరికి నాలుగింటిలో మూడింటికి ఆకు లేచింది. ఆ ఏడు పూలు లేవు. మరుసటి ఏడు వచ్చాయి.

అమ్మ 2006లో పోయింది. మా పల్లెటూరి ఇంట్లోనే. కబురు అందాక బయల్దేరి వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. పదో రోజు వెళ్లాక ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళ్లాను. నుయ్యి ఎప్పుడో పూడ్చేసి బోరు వేయించారు, నూతిపళ్లెం సగం పగిలి వుంది. గట్టున లిల్లీలు మాత్రం వున్నాయి, నీళ్లు లేక ఆకులు సన్నబడి. ఒక దుంప తెచ్చుకోవాలని ప్రాణం కొట్టుకుంది. మొక్కల్నీ దుంపల్నీ ప్రభుత్వం వారి తనిఖీ పత్రం లేకుండా ఈ దేశంలోకి తీసుకురానివ్వరు. అయినా చీరల మధ్య పెట్టేద్దామని ఒకటి తవ్వి చేతిలోకి తీసుకున్నాను కూడా. కాసేపు పట్టుకుని, మళ్లీ భుజాల దాకా పాతి, ఒక చెంబెడు నీళ్లు పోసి వచ్చేశాను.

"లిల్లీ. తినరాదు" అని రాసిన ఆ సంచీ మా వంటింటి సొరుగులో అడుగున వుంది. మడతల దగ్గర చిరిగిపోయింది.

అమ్మ నాటిన దుంప తల్లిగా ఇంకా వుంది. దాని పిల్లలూ, పిల్లల పిల్లలూ కలిసి మా కిటికీల్లో పద్నాలుగు కుండీలయ్యాయి. ఇంట్లో నడవడానికి చోటు లేదని మా వారి గొడవ. అంచేత ఈ ఉగాది సభకి ఎనిమిది పిల్లదుంపల్ని ఆకులతో సహా పెరుగు డబ్బాల్లో పెట్టి తెస్తున్నాను. అడుగున చిల్లులు పొడిచాను. రిజిస్ట్రేషన్ బల్ల పక్కన పెడతాను, కావలసినవాళ్లు తీసుకెళ్లవచ్చు. రెండు మూడేళ్లు పూయవు, ముందే చెబుతున్నాను. బయట పెట్టేటప్పుడు మొదటి పది రోజులు నీడలో వుంచండి. డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదు.